బాపు సదివిన కాయితం

జర దగ్గరికి జరుగుండ్రి, చేతులు మంట మీదికి చాపుండ్రి. పుష్యమాసపు చలి, ఎముకల దాకా పోతది. ఆ మక్క బెండ్లు ఇంకో నాలుగు ఎయ్యి బిడ్డా. కందికట్టె తొందరగ బూడిదైతది, బెండ్లయితే నిప్పు నిలుస్తది.

ఇయ్యాల పెద్ద మనుమనికి దుబాయి వీసా వచ్చింది. సోఫాలకు కవర్లు కుట్టుడు, కర్టెన్లు కుట్టుడు నేర్చిండు వాడు. మెట్‌పల్లిల ఐదేండ్లు చేసిండు, చెయ్యి మంచిగ తిరిగింది. పొద్దుగాల ఆ వీసా కాయితం తెచ్చి నా చేతుల పెట్టి, "తాతా, మూడేండ్లు ఒకల కింద చేస్త, ఎన్కసిరి నాదే సొంత దుకాణం పెట్టుకుంట" అన్నడు. మంచి మాట. నాకు సంతోషమే అయింది. గని ఆ కాయితం మీద ఒక్క మాట చూసినప్పటి సంది నాకు నిమ్మలం లేదు. ఆ మాట ఏందో ఆఖరుకు చెప్త. ముంగట నా ముచ్చట ఇనుండ్రి. దీన్ని మొదటికెళ్లి చివరి దాకా ఎవ్వలకు చెప్పలే. వీని బాపుకు సుత చెప్పలే.

మేము మేరోళ్లం. కుట్టుడు మా కులపని. మా బాపు కాలంల ఊర్ల కుట్టుకూలి పైసల రూపంల వచ్చింది తక్కువ. ఏడాదంత ఒక ఇంటోళ్ల బట్టలు కుడితే, పంట కల్లంల పడ్డనాడు కుంచాల లెక్కన వడ్లు, మక్కలు కొలిచి పోస్తుండ్రి. బాపుకు ఒక సింగర్ మిషను ఉండె, చేతితోని తిప్పేది. పెండ్లిండ్ల కాలం వస్తే ఆ మిషను నెత్తిన పెట్టుకొని పెండ్లోళ్ల ఇంటికే పోయి, అరుగు మీద కూసోని, ముసలోల్ల కాడికెళ్లి చంటిపిల్లల దాకా అందరి బట్టలు కుట్టి వచ్చేటోడు. నేను పక్కన కూసోని గుండీలు కుట్టేది, కాజాలు చేసేది. ఏడేండ్లకే నాకు సూది పట్టిచ్చిండు.

మా బాపుకు తెలుగు అచ్చరం రాదు. ఉర్దూ అచ్చరం వస్తది. నిజాం జమానల కచేరీ, ఠాణా, కోర్టు అంత ఉర్దూలనే గద. బాపు ఠాణాల పోలీసోళ్ల ఖాకీ బట్టలు కుట్టేటోడు. అక్కడ రాతకోతలు చేసే మొహర్రిర్ సాబు బాపుకు అలిఫ్ బే నేర్పిండు. బాపు కొలతల పుస్తకం ఉర్దూలనే రాసుకునేది, కుడి దిక్కుకెళ్లి ఎడమ దిక్కుకు. నన్ను సుత కూసోబెట్టి నేర్పుదామని చూసిండు. "నిజాం పాయె, పోలీసు యాక్షనాయె, ఇంకెందుకు బాపు ఉర్దూ" అని నేను తప్పిచ్చుకున్న. మాట్లాడుడు వచ్చు, సదువుడు నేర్వలే. గది గుర్తు పెట్టుకోండ్రి.

1972ల కరువొచ్చింది. కల్లంల గింజ లేనప్పుడు మేరోనికి కొలిచేదెవ్వలు? దాని మీద టెర్లిన్ బట్ట వచ్చె. అది ఎంత ఉతికినా చిరగదు. ఏడాదికి రెండు జతలు కుట్టిచ్చేటోళ్లు ఒక్క జత తోని సరిపెట్టుకున్నరు. అంగట్ల కుట్టిన అంగీలే దొరుకవట్టె. ఇంట్ల ఇద్దరం చెయ్యి తిరిగిన దర్జీలం, పని ఒక్కనికి సుత లేదు. మా దిక్కు అప్పటికే దుబాయి, మస్కట్ మాటలు మొదలైనయి. ఎవడో పోయి టేప్ రికార్డర్ తెచ్చిండంటే ఊరంత పోయి చూసేది.

1977ల నేను బయలెల్లిన. అప్పటికి నాకు ఇరవై ఐదేండ్లు. నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టినం. మా దిక్కు అప్పుడు రైలు లేదు. పెద్దపల్లి నిజామాబాద్ లైను పూర్తయింది 2017ల గద. బస్సుల నిజామాబాద్ పోయి, మీటర్ గేజ్ బండెక్కి మన్మాడ్‌ల దిగి, అక్కడ పెద్దపట్టాల బండి ఎక్కితే బొంబాయి. బొంబాయిల మనోళ్లకు దిక్కు కామాటిపురం. మన తెలంగాణ కామాటోళ్లు పోయి ఆ పట్నంల రాళ్లు మోసి, రోడ్లేసి, ఇండ్లు కట్టిండ్రు. వాళ్లున్న వాడకే ఆ పేరు పడ్డది. ఆడ ఒక ఖోలీల పన్నెండు మందిమి నలభై రోజులున్నం. నేను ఖాళీగ కూసోలే. పక్క సందుల దర్జీ దుకాణంల పీసు లెక్కన కుట్టి తిండి ఖర్చు ఎల్లదీసిన. చేతిల పని ఉంటే ఏ ఊర్లైనా పూటకింత బువ్వ పుడుతదని నాకు ఆడనే ధైర్యం వచ్చింది.

ద్వారక అనే జహాజు ఎక్కినం. బొంబాయికెళ్లి కరాచీ, మస్కట్ మీదంగ పోయేది. 1982ల అది బందయింది, ఆ దారిల పాత కంపెనీ నడిపిన ఆఖరు జహాజు అదే. మాది డెక్కు టికెటు. రేకు పెట్టె పక్కన చాప పరుచుకొని, మీద ఆకాశం, కింద సముద్రం. నా పెట్టెల రెండు జతల బట్టలు, అవ్వ పోసిన మామిడికాయ తొక్కు, బాపు ఇచ్చిన మీరట్ కత్తెర. ఆ కత్తెర ఇప్పటికీ ఇంట్ల దూలానికి ఉన్నది, మీరు చూసిండ్రు.

దుబాయిల దిగినంక, దేరా అనే వాడల నాయిఫ్ బజారు కాడ ఒక దుకాణంల పనికి వెట్టుకున్నరు. ఎనిమిది మందిమి కారీగర్లం. దిగిన నాడే సేటు పాస్‌పోర్ట్ తీసుకొని తిజోరీల పెట్టుకున్నడు. అందరియి అట్లనే ఉంటయి అన్నరు, నేను సరే అన్న. జీతం గాదు, పీసు లెక్క. కుడితే పైసలు, కుట్టకపోతే లేవు. దిర్హమ్‌కు అప్పుడు మన రెండు రూపాయల మీద చిల్లర.

మొదటి నెల నాకు కన్నీళ్లే. ఎందుకంటే అక్కడోళ్ల కందూరా కుట్టుడు నాకు రాదు. మీరు ఫొటోలల్ల చూస్తరు గద, తెల్లగ మెడ కాడికెళ్లి చీలమండ దాకా. చూస్తే ఏముంది, పొడుగు అంగీయే గద అనిపిస్తది. గని తెల్ల బట్ట మీద తెల్ల దారం, ఒక్క కుట్టు వంకర పోతే పది అడుగుల దూరంకెళ్లి కనవడ్తది. ఒక్కో దేశపోనిది ఒక్కో తీరు. సౌదోళ్లకు గట్టి కాలర్ ఉండాలె. ఇమారాతోళ్లకు కాలర్ ఉండది, గుండ్రటి మెడ, దానికి ముంగట వేలాడే దారాల కుచ్చు. దాన్ని తర్బూష్ అంటరు, అత్తరు అద్దుకునేది దానికే. జపాన్‌కెళ్లి వచ్చే బట్ట, నీళ్లల్ల నానబెట్టి ఆరబెట్టినంకనే కోయాలె, లేకపోతే ఒక ఉతుకుకే పొట్టిదైతది. ఇవన్ని ఎవ్వలు చెప్పరు. నేను కుట్టినయి మూడు వాపసు వచ్చినయి. వాపసు వచ్చినదానికి పైసలు రావు, బట్ట పైసలు ఎదురు కట్టాలె.

ఒక జుమ్మా నాడు, అప్పుడు ఆ ఒక్క రోజే సెలవు, దుకాణానికొచ్చే ఒక ముసలి అరబ్బాయన పాత కందూరా ఒకటి బేరమాడి తీసుకున్న. అది ఎవరో పాతకాలపు ఉస్తాద్ కుట్టింది. గదిల కూసోని సూదిమొన తోని ఒక్కొక్క కుట్టు ఇప్పిన. ఏ ముక్క ఎక్కడ అతికిండు, భుజం కాడ ఎంత జారిచ్చిండు, చంక కాడ ఎంత వదిలిండు, మెడకు అస్తరు ఎట్ల మలిచిండు, అన్ని వార్తాకాగితం మీద గీసుకున్న. మల్ల అదే కందూరా తిరిగి కుట్టిన. విప్పుడు, కుట్టుడు, నాలుగు జుమ్మాలు అదే పని. ఐదో వారానికెళ్లి నా బట్ట వాపసు రాలే. బిడ్డలారా, కొత్త దేశం పోయినప్పుడు మన ఊర్ల నేర్చిన పని పునాది లెక్క, ఇల్లు మల్ల కట్టుకోవాలె.

ఆరేండ్లు అట్ల నడిచింది. అప్పు తీరింది, చెల్లె పెండ్లయింది, నా పెండ్లయింది. మీ బాపమ్మ ఇక్కడ, నేను అక్కడ. ఉత్తరం వచ్చేసరికి పదిహేను, ఇరవై రోజులు. సదువు రానోళ్లు క్యాసెట్ల మాటలు నింపి పంపేది. మీ బాపమ్మ పంపిన క్యాసెట్ల వెనక కోడి కూత, గేదె అరుపు ఇనవడుతుండె. అది పదిసార్లు వేసుకొని ఇనేది.

మనసుల ఒక్కటే ఉండె. సొంత దుకాణం. ఒకని కింద పీసుకింత అని కుడితే చెయ్యి ఆడినన్ని రోజులే. సొంతమైతే పేరు నిలుస్తది. గని అప్పటి అక్కడి పద్ధతి తెలుసుకోండ్రి. దుకాణం పెట్టాలంటే రుఖ్సా కావాలె, అంటే లైసెన్సు. బయట దేశపోడు ఒక్కడే తన పేరు మీద తీసుకోరాదు. అక్కడి మనిషి ఒకడు తోడుండాలె. ఆ మనిషిని కఫీల్ అంటరు, నోటి మాటల అర్బాబ్ అంటరు. మనోళ్లు చానమంది చేసే పని ఏందంటే, రుఖ్సా ఆయన పేరనే తీయించి, దుకాణం మనం నడిపి, ఆయనకు సాలుకింత అని కట్టుడు. నోటి మాట మీద నడిచేది.

నేను కందూరాలు కుట్టిచ్చిన ఒకాయన మంచిగ పరిచయమైండు. మనిషి ధర్మాత్ముడు, ఆ మాట ఇప్పటికీ అంట. "దుకాణం పెట్టు, నేనున్న" అన్నడు. 1983ల సత్వాల పెట్టినం. అప్పటికే ఆ వాడ దర్జీలకు, బట్టల దుకాండ్లకు, కార్ల సీట్లకు కవర్లేసేటోళ్లకు పెట్టింది పేరు. మనుమడా, నీ పని సుత అక్కడ ఉన్నది చూడు. రెండు జూకీ మిషన్లు, ఒక ఓవర్‌లాక్, కటింగ్ బల్ల, నిలువుటద్దం, అన్ని నా పైసలతోని కొన్న. అరబ్బీల రాసిన కాయితాలు ముంగట పెట్టిండ్రు. సంతకం పెట్టమన్నకాడ పెట్టిన. ఏం రాసున్నదో నాకు తెల్వది. సదివిచ్చుకోవాలె అన్న సోయి సుత లేకుండె.

దుకాణం మంచిగ నడిచింది. ఎట్ల నడిచిందో చెప్త, ఎందుకంటే ఇది నీకు పనికొచ్చే మాట. ఒకటి, కొలతల పుస్తకం. ఒకసారి కొలత ఇచ్చినోడు మల్ల టేపు కింద నిలవడే పని లేకుండ, పేరు, కొలతలు, కుడి భుజం జారుగ ఉంటదా, పొట్ట కాడ వదులు ఎంత కోరుతడు, అన్ని రాసుకునేది. ఆ పుస్తకం రాత్రి దుకాణంల వదిలిపెట్టేది లేదు, చంకల పెట్టుకొని గదికి తెచ్చుకునేది. మర్నాటి కటింగు ఏందో రాత్రే చూసుకునేటోన్ని. రెండు, మాట ఇచ్చిన నాటికి బట్ట. రంజాన్ల రాత్రులు సహరి దాకా మిషను ఆగకపోయేది, పండుగ పొద్దు నమాజుకు అందరికి కొత్త కందూరా కావాలె గద. చేతనైనన్నే పట్టుకునేది. పదిహేనో రోజా తర్వాత వచ్చినోళ్లకు కాదని చెప్పేది. కాదన్నందుకు ఎవ్వలు దూరం కాలే, అవునని చెప్పి ఇయ్యకపోతే దూరమైతరు. మూడు, మిగిలిన బట్ట. ఎంత చిన్న ముక్కైనా మడిచి కుట్టిన బట్ట తోనే ఇచ్చేది. "ఈ ఖయ్యాత్ దొంగ గాదు" అన్న మాట ఆ ముక్కల తోనే పుట్టింది. ఖయ్యాత్ అంటే దర్జీ.

1986ల సెలవు మీద వచ్చిన. దుకాణం కాయితం నకలు బాపుకు చూపెడదామని తెచ్చిన. సంబురం మీద ఉన్న. ఇదే జాగల, పాతింటి అరుగు మీద, గసుంటి చలిల, బల్బు కింద కూసున్నడు బాపు. అప్పటికి డెబ్బై దాటినయి. కాయితం చెయ్యంత దూరం పట్టుకొని, వేలు పెట్టి కుడి దిక్కుకెళ్లి మెల్లగ సదువవట్టిండు. నాకు నవ్వొచ్చింది, "బాపు, అది అరబ్బీ, ఉర్దూ గాదు" అన్న. "మాట తెల్వకపోయినా అచ్చరం తెలుస్తది బిడ్డా. కొన్ని మాటలు రెండిట్ల ఒకటే" అన్నడు. చానసేపు చూసిండు. ఒక్కకాడ వేలు ఆగింది.

"ఇక్కడ మాలిక్ అని ఉన్నది. దాని ఎదురుంగ ఉన్న పేరు నీది గాదు."

ఇంకింత కిందికి జరిగిండు. "నీ పేరు గిక్కడున్నది. దాని ముంగట ఆమిల్ అని ఉన్నది. చెప్పిన పని చేసేటోడు అన్నట్టు. నువ్వు దుకాణం నాదంటివి గద?"

"అక్కడంత మాట మీదనే నడుస్తది బాపు. ఆయన దేవునసుంటి మనిషి" అన్న.

బాపు కాయితం మడిచి నా చేతుల పెట్టిండు. "మనిషి ఉన్నంతసేపు మాట నడుస్తది. మనిషి పోతే కాయితమే మాట్లాడుతది" అన్నడు. ఇంకో మాట అనలే. నేను దాన్ని పెట్టెల పెట్టి మర్చిపోయిన.

1988ల బాపు పోయిండు. తంతి నాకు అందేసరికి దినాలు సుత దగ్గరికి వచ్చినయి. పాస్‌పోర్ట్ అర్బాబ్ ఇంట్ల ఉన్నది, ఆయన ఊర్ల లేడు. నేను రాలేకపోయిన. ఆ బాధ ఇప్పటికీ ఉన్నది.

మరుసటేడు ఆ అర్బాబ్ సుత పోయిండు. నలభై రోజులు కాలే, ఆయన కొడుకులు వచ్చిండ్రు. వాళ్లకు నేనెవ్వన్నో తెల్వది, తండ్రి ఇచ్చిన మాట తెల్వది. దుకాణం వేరేటోనికి ఇస్తున్నమని తాళం వేసిండ్రు. ఆరేండ్ల కష్టం ఆ తాళం వెనక ఉండిపోయింది. పెద్ద దఫ్తర్‌కు పోయిన, మొర పెట్టుకున్న. కూసున్న ఆయన చెడ్డగ మాట్లాడలే. కాయితం చూసి, "ఇండ్ల నువ్వు పనోనివి. మిషన్లు దుకాణం సొత్తు. నీ సంతకమే ఉన్నది" అన్నడు. బాపు వేలు ఆగిన కాడనే ఆయన వేలు సుత ఆగింది.

దుకాణంల నాది పోయింది. గని గిరాకోళ్ల బట్టలున్నయి గద, ముప్పై మందికి పైగ. ఆ ఒక్కటి మాత్రం వదలలే. కొలతల పుస్తకం నా చంకల ఉన్నది. ఏ బట్ట ఎవ్వలదో, ఎన్ని గజాలో అన్ని రాసున్నయి. ఆ పుస్తకం చూపెట్టి, కొడుకుల కాళ్లా వేళ్లా పడి, ఒక పూట తాళం తీయించి అందరి బట్టలు తీసుకపోయి ఇంటింటికి తిరిగి అప్పజెప్పిన. కుట్టకుండనే. తీసుకున్న బయానా పైసలు సుత వాపసు ఇచ్చిన. గప్పుడు నా చేతిల మిగిలింది మీరట్ కత్తెర, ఆ పుస్తకం.

మల్ల ఒకల దుకాణంల పీసు పనికి కూసున్న. ముప్పై ఏడేండ్ల వయసుల మొదటికొచ్చిన. ఆ దుకాణం పక్కన అత్తర్లమ్మే ఒక పెద్దమనిషి ఉండె, మన హైదరాబాద్ పాతబస్తీ ఆయన. ఒక రాత్రి పోయి అడిగిన, "చాచా, నాకు అచ్చరాలు నేర్పుతరా" అని. బాపు నేర్పుతనంటే వద్దన్న అచ్చరాలే. పలకకు బదులు కటింగ్ చేసే గోధుమరంగు కాయితం, బలపానికి బదులు దర్జీ సుద్ద. రోజు ఇషా నమాజైనంక అద్దగంట. నాకు పనిల వచ్చే మాటల తోని మొదలు పెట్టిచ్చిండు. తూల్ అంటే పొడుగు. సద్ర్ అంటే ఛాతి. కితిఫ్ అంటే భుజం. కుమ్ అంటే చెయ్యి బట్ట. రఖబా అంటే మెడ. చేతికి ఎరుకున్న మాటైతే కంటికి తొందరగ ఎక్కుతది. ఎన్కసిరి వీధిల బోర్డులు సదువుకుంట నడిచేది. ఒక ఏడాదికి కాయితం పట్టుకుంటే ఏ పేరు ఏ మాటకు ఎదురుంగ ఉన్నదో పోల్చుకునేంత వచ్చింది. గంతే వచ్చింది, గంత చాలు.

గప్పుడే నాకు ఇంకోటి తెలిసింది. యాపారం వేరు, చేతివృత్తి వేరు. అప్పట్ల చేతిపనోళ్లకు వేరే తీరు లైసెన్సు ఉండె. అండ్ల పనంత మన పేరు మీదనే, అక్కడి మనిషి ఉత్త ఏజెంటు, సాలుకింత ఫీజు తీసుకుంటడు, సొత్తుల వాటా ఉండది. ఆ ఒప్పందం నోటరీ ముంగట రాయాలె. నాకు మొదటనే ఎవ్వలన్నా చెప్పుంటే ఆరేండ్లు పోకపోవు. నేను అడుగనేలే, అది నా తప్పు.

1991ల మల్ల పెట్టిన. ఈసారి చిన్న గది, ఒక్క మిషను. గని మెట్టు మెట్టుకు కాయితం తోని. దుకాణం పేరు నమోదు. గది కిరాయి ఒప్పందం నా పేర. బలదియా, అంటే అక్కడి మున్సిపాలిటీ, వాళ్లొచ్చి గది చూసుడు. బోర్డు మీద అరబ్బీ అచ్చరం ఉండాలె, అది వాళ్ల కాయిదా. ఏజెంటు ఒప్పందం తర్జుమా చేయించి, ఒక్కొక్క వరుస ఇని, నోటరీ ముంగట సంతకం పెట్టిన. మిషను కొన్న రసీదు సుత నా పేర ఫైలుల పెట్టుకున్న. రుఖ్సా చేతికొచ్చిన నాడు దుకాణంల ఒక్కన్నే కూసోని బాపు లెక్క చెయ్యంత దూరం పట్టుకొని, కుడి దిక్కుకెళ్లి వేలు పెట్టి సదివిన. మాలిక్ అని ఉన్నది. దాని ఎదురుంగ నా పేరే ఉన్నది. రెండుసార్లు సదివి, గల్లా బల్ల మీద తల పెట్టి ఏడ్చిన.

పాత గిరాకోళ్లు ఒక్కొక్కలు వచ్చిండ్రు. వాళ్ల కొలతలన్ని నా కాడనే ఉన్నయి గద. బట్టలు వాపసు ఇచ్చిన ముచ్చట ఆ వాడంత పాకింది. ఇద్దరు మన దిక్కు పిలగాండ్లను తెచ్చుకున్న. వాళ్ల పాస్‌పోర్ట్‌లు వాళ్ల జేబులనే పెట్టుకోమన్న. వీసా మీద దర్జీ అనే రాయించిన.

1996ల అక్కడ ఆమ్నెస్టీ వచ్చింది. సరైన కాయితాలు లేనోళ్లు జుర్మానా లేకుండ దేశం ఇడిచి పోవాలె అని గడువు పెట్టిండ్రు. మన కరీంనగర్, నిజామాబాద్ దిక్కోళ్లు ఎంతమందో ఔట్‌పాస్‌ల కోసం వరుసల నిలవడ్డరు. అండ్ల మస్తు పనిమంతులున్నరు. వడ్లపని, సెంట్రింగు, కరెంటు పని చేసేటోళ్లు. వాళ్లకు పని రాక గాదు పోయింది. ఆజాద్ వీసా అని పైసలు పెట్టి కొన్నరు. వీసా ఒకని పేర, పని ఇంకొకని కాడ. ఏజెంటు నోటితోని చెప్పిండు, వీళ్లు నమ్మిండ్రు. అక్కడి చట్టానికి ఆజాద్ వీసా అన్నదే లేదు. నాకన్న మంచి చెయ్యి ఉన్నోళ్లు ఒట్టి సంచి పట్టుకొని విమానం ఎక్కుడు నా కండ్ల తోని చూసిన. వాళ్లకూ నాకూ తేడా పనితనంల లేదు, ఫైలుల ఉన్నది.

ఆ దుకాణం పద్దెనిమిదేండ్లు నడిపిన. 2009ల అక్కడ మాంద్యం వచ్చి పనులు తగ్గినయి. నాకూ కంటి చూపు సూదికి ఆనుతలేదు. బంద్ చేయలే. అమ్మిన. మిషన్లు, బల్ల, గిరాకి, కొలతల పుస్తకాలు అన్ని కలిపి, నా కాడ పని చేసిన పిలగానికే ఇచ్చిన, కాయితం మార్పించి ఇచ్చిన. మొదటి దుకాణం ఆరేండ్లు నడిపి కత్తెర తోని బయటికొచ్చిన. రెండోది అమ్మిన పైసలతోని ఈ ఇల్లు కట్టిన. మీరు కూసున్న ఈ అరుగు ఆ పైసలదే. పనోన్ని నేనే, పనీ అదే, వాడ సుత అదే.

ఇప్పుడు కాలం మారింది. 2021 సంది అక్కడ చాన పనులకు బయటోళ్లు పూర్తిగ తమ పేర దుకాణం పెట్టుకోవచ్చునని చట్టం మారింది. పాస్‌పోర్ట్ పట్టి పెట్టుకునుడు తప్పని చట్టమే చెప్తున్నది. ఇక్కడ సుత సర్కారు రిజిస్టరు చేసిన ఏజెంట్లున్నరు, వలసపోయేటోళ్లకు పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉన్నది, బయటి దేశాలకు పనికి పంపే సర్కారు కంపెనీ టామ్‌కామ్ హైదరాబాద్‌ల ఉన్నది. మాకు ఇవేవీ లేకుండె. గని చట్టం ఎంత మంచిగున్నా మనం పెట్టే సంతకం మన చేతిలనే ఉంటది.

ఇగ ఆ ఒక్క మాట. మనుమడా, ఆ వీసా కాయితం ఇటు తే. చూడు, నేను వేలు పెట్టిన కాడ. సోఫాల పనోన్ని అరబ్బీల మునజ్జిద్ అంటరు. ఇక్కడ ఆ మాట లేదు. ఆమిల్ తన్జీఫ్ అని ఉన్నది. ఊడ్చి తుడిచే పనోడు అన్నట్టు. పక్కన ఇంగ్లీషుల సుత అదే ఉన్నది, నువ్వు చూసినవు, నాకు ఎరుకే. పొద్దుగాల అడిగితే ఏమన్నవు? "వీసా ఏదైతేంది తాతా, పని సోఫాలదేనని ఏజెంటు చెప్పిండు" అన్నవు. ఆ మాటే నేను ఈ జాగలనే మా బాపుతోని అన్న, 1986ల.

తుడిచే పని తక్కువదని అంటలేను బిడ్డా, ఏ పనీ తక్కువది గాదు. నీ చేతిల ఉన్న పనికి కాయితం మీద పేరు లేకపోతే, రేపు జీతం తక్కువిస్తే అడుగరాదు, వేరే పని చేస్తున్నవని పట్టుకుంటే దిక్కుండది, సొంత దుకాణం దాకా దారే పడది.

పొద్దుగాల మొదటి బస్సుకు ఇద్దరం పోదాం. ఏజెంటు ముంగట కాయితం పెట్టి, పని పేరు మునజ్జిద్ అని మార్పించుమని అడుగుదాం. మార్పిస్తే సదివిచ్చుకొని, అర్థం చేసుకొని, గప్పుడు సంతకం పెట్టు. మార్పియ్యకపోతే ఇంటికొద్దాం, ఇంకో వీసా వస్తది. రూపాయి సుత ముందుగల కట్టకు.

మంట ఆరుతున్నది. పోయి పండుకోండ్రి.